నేను కోసేసిన ఏడు నిమిషాలు

ముందే ఒప్పేసుకుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉంటుంది. ప్రపంచ సినిమా చరిత్రలో నాకూ ఒక చోటుంది. కాకపోతే అది తెలివితక్కువవాళ్ళ వరసలో ఉంది. థాయ్‌లాండ్‌కి చెందిన ఒక పెద్ద దర్శకుడి మీద వచ్చిన ఏ పుస్తకం తెరిచినా, మొదటి ఇరవై పేజీల్లోపే "కెనడాలోని రెజైనాలో ఆయనతో ఒకే ఇంట్లో ఉన్న ఒక భారతీయ విద్యార్థి" అనేవాడు ఎదురవుతాడు. వాడికి పేరుండదు, ఊరుండదు, చేతిలో కత్తెర మాత్రం ఉంటుంది. ఆ పేరులేనివాణ్ణి నేనే. ఇంట్లోవాళ్ళు కూడా చదవని నాలుగు కథల పుస్తకాలు అచ్చువేయించుకున్న నేను, ఒక్క అక్షరం రాయకుండా ఆరేడు భాషల్లోకి ఎక్కింది ఆ కత్తెర పుణ్యాన్నే. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆ దర్శకుడి మొట్టమొదటి సినిమాలోంచి ఏడు నిమిషాల షాట్ ఒకటి కోసేసి, స్నేహితుడికి ఉపకారం చేశానని మురిసిపోవడం.

పోయిన నెల అతని సినిమాలన్నీ మాంట్రియల్‌లో వరసగా వేశారు. "నువ్వు వచ్చి నా పక్కన కూర్చోవాలి, కత్తెర మాత్రం ఇంట్లో పెట్టి రా" అని అతనే బ్యాంకాక్ నుంచి ఫోన్ చేశాడు. ఇప్పుడు నేనుంటున్న కిచెనర్‌లో రైలెక్కి, దాదాపు రోజంతా కిటికీ పక్కన కూర్చుని వెళ్ళాను. రైలు ఎంతసేపు వెళ్ళినా నేను మాత్రం రెజైనా దాటలేకపోయాను. ఆ ఇల్లు, ఆ వెనక గుమ్మం, ఉడుకుతున్న రూబార్బ్ పుల్లటి వాసన, తడి ఉన్ని మేజోళ్ళ వాసన అన్నీ వచ్చి ఎదురు సీట్లో కూర్చున్నాయి.

ఆ ఇల్లు గ్రేస్ ఆంటీది. ఇంటికి యజమాని సుందరరావు గారే అయినా, ఆ సంగతి ఆయనకి కూడా టాక్స్ కాగితాలు వచ్చినప్పుడే గుర్తొచ్చేది. ఇద్దరిదీ నరసాపురం దగ్గర. ఆంటీ పెద్దాసుపత్రిలో నర్సు, ఆయన ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. పిల్లలు లేరు. అందుకేనేమో, చర్చిలో ఎవరైనా కొత్త విద్యార్థి బిక్కమొహం వేసుకుని వెనక బల్ల మీద కనిపిస్తే ఆంటీ తీసుకొచ్చి బేస్‌మెంట్‌లో పెట్టేసేది. అలా ముందు నన్ను పెట్టింది. నేను జియాలజీ చదువుకోడానికి వచ్చి, భూమంతా మంచు కింద ఉన్న ఊళ్ళో భూమిని ఎక్కడ వెతకాలో తెలియక తిరుగుతున్నాను. రెండో ఏడు చలికాలం మొదట్లో ఒక బక్కపల్చటి కుర్రాణ్ణి తెచ్చి, "ఒరేయ్ ప్రసాదూ, ఇతను బౌద్ధుడంట, పాపం బస్సు కోసం నిలబడి చలికి చర్చిలోకొచ్చేశాడు. నీ గదిలో సర్దుకో" అంది.

అతను రెండు చేతులూ జోడించి తల వంచాడు. పేరు అడిగితే "చాంగ్" అన్నాడు. వాళ్ళ దేశంలో ప్రతివాడికీ ఒక బారెడు అసలు పేరు, ఒక చిటికెడు ముద్దు పేరు ఉంటాయట. చాంగ్ అంటే ఏనుగు. మనిషి మాత్రం ఏనుగు దంతమంత సన్నంగా ఉండేవాడు. అసలు పేరు వోరవుత్. అది మన వరవృద్ధే అని నేను కనిపెట్టి మహా సంతోషపడితే, అతను కూడా నా రుణం ఉంచుకోకుండా, "ప్రసాద్ అంటే మా భాషలో రాజభవనం" అన్నాడు. నేను ఇంకా పొంగిపోతుండగా, "కొంచెం కుదించి పలికితే పిచ్చి" అని కలిపాడు. ఆ రోజు నుంచి నా పేరుని కుదించి "ప్రసాత్" అనే పలికాడు.

చాంగ్ నాన్నకి నది ఒడ్డున ఒక ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ ఉండేది. కొడుకు వ్యాపారం చదివి వచ్చి ఫ్యాక్టరీ చూసుకోవాలని పంపించాడు. చాంగ్ మొదటి మంచు తుఫాను చూసి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడిపోయి, "మా నాన్న రాత్రింబవళ్ళు మోటార్లు తిప్పి తయారు చేసేది ఇక్కడ ఊరికే పారబోస్తున్నారు. ఈ సంగతి ఆయనకి రాయకూడదు, గుండె ఆగిపోతుంది" అన్నాడు. వ్యాపారం క్లాసులకి వెళ్ళేవాడు గానీ, మనసంతా యూనివర్సిటీలో సినిమా నేర్పే విభాగం తలుపుల దగ్గర ఉండేది. వాళ్ళని బతిమాలి రెండు క్లాసుల్లో చేరాడు. ఆ సంగతి తెలిసి నాన్న ఉత్తరం రాశాడు. మాంట్రియల్‌లో ఒక మంచి సినిమా స్కూల్ ఉందని చాంగ్ చెప్తున్నాడు కదా, వాళ్ళు గనక పిలిచి సీటు ఇస్తే సరే. ఇవ్వకపోతే మంచు కరిగేలోపు తిరిగొచ్చి ఐసు చూసుకోవాలి అని దాని సారాంశం. ఆ ఉత్తరం మా గదిలో మంచానికి ఎదురుగా అతికించి ఉండేది. రోజూ పొద్దున్న లేవగానే ఇద్దరం అదే చూసేవాళ్ళం.

ఆ ఇంట్లో రోజు గడవడానికి ఒక పద్ధతుండేది. సాయంత్రం ఆరు కాగానే సుందరరావు గారు కోటు తొడుక్కుని బయటికెళ్ళి, కారు ముక్కులోంచి తోకలా వేలాడే వైరుని గోడ ప్లగ్గుకి తగిలించేవారు. అలా తగిలించకపోతే పొద్దున్నకి ఇంజను గడ్డకట్టుకుపోతుంది. ప్లగ్ పెట్టి లోపలికొచ్చి, కళ్ళజోడు మీద పట్టిన ఆవిరి తుడుచుకుంటూ, "పెట్టానా?" అని తనని తానే అడిగి మళ్ళీ వెళ్ళి చూసి వచ్చేవారు. తర్వాత భోజనం. భోజనానికి ముందు ప్రార్థన. ఆ ప్రార్థన ప్రధానమంత్రి దగ్గర మొదలై, ఆసుపత్రి రోగుల మీదుగా, రోడ్ల మీద మంచు తీసే బండ్ల డ్రైవర్ల దాకా వెళ్ళి, నరసాపురంలో ఆయన మేనత్త మోకాళ్ళ దగ్గర ఆగేది. ఈలోగా పప్పు మీద తొరక కట్టేది. గోంగూర దొరకని ఊరు కాబట్టి పెరట్లో కాసిన రూబార్బ్ కాడలు వేసి ఆంటీ చేసే పప్పు అది. చాంగ్ దాని మీద తన చేపల సాస్ నాలుగు చుక్కలు వేసుకునేవాడు. ఆ సీసా మూత తీస్తే సుందరరావు గారు ఆమెన్ చెప్పకుండానే కళ్ళు తెరిచేవారు. చాంగ్ మాత్రం ప్రార్థన అంతసేపూ బల్ల కింద చేతి గడియారం చూసుకుని, అయిపోగానే నా చెవిలో, "ఈ రోజు ఆరు నిమిషాల పది సెకన్లు. ఒక్క కట్ లేదు" అనేవాడు. నేను వేళాకోళం అనుకున్నాను. అతను మెచ్చుకుంటున్నాడని ఇన్నాళ్ళకి తెలిసింది.

సినిమా గురించి నాకు తెలియనిది లేదని ఆ రోజుల్లో నా నమ్మకం. ఎందుకంటే మా దేవదానం మామయ్య పాలకొల్లు చుట్టుపక్కల టూరింగ్ టాకీసులో ఆపరేటరు. నా సెలవులన్నీ ఆయన ప్రొజెక్టర్ పక్కనే గడిచాయి. మామయ్యకి ఒక విద్య ఉండేది. కొత్త బొమ్మ వచ్చిన మొదటి ఆట, తెర వైపు చూడకుండా చిల్లులోంచి జనాన్ని చూసేవాడు. ఎక్కడ జనం బెంచీల మీద కదిలారో, ఎక్కడ బీడీలు వెలిగాయో అక్కడ ఒక కాగితం ముక్క పెట్టుకునేవాడు. రెండో ఆటకి ఆ ముక్కలన్నీ కత్తిరించేసేవాడు. ఆయన చేతిలో ఎంతమంది హీరోల తల్లులు దగ్గకుండానే చచ్చిపోయారో లెక్కలేదు. ఆ డేరాలో చూసినవాళ్ళు పట్నం వెళ్ళి అదే బొమ్మ మళ్ళీ చూసి, "ఇక్కడ సాగదీశాడ్రా" అనేవాళ్ళు. "డైరెక్టరు తనకోసం తీస్తాడ్రా, ఆపరేటరు జనం కోసం చూస్తాడు" అని మామయ్య అంటుంటే నేను అదో వేదవాక్యంలా విన్నాను. ఆ చదువుతోనే రెజైనా యూనివర్సిటీలో ప్రొజెక్టర్ నడిపే చిన్న ఉద్యోగం కూడా సంపాదించాను.

ఆ చలికాలం మాంట్రియల్ స్కూల్ నుంచి ఒక మేడమ్ వస్తున్నారనీ, విద్యార్థులు తీసిన చిన్న సినిమాలు చూసి ఒకరిద్దర్ని ఎంచుకుంటారనీ కబురొచ్చింది. చాంగ్ ఆంటీ మీద సినిమా తీస్తానన్నాడు. మాటలు లేవు, పాట లేదు. సుందరరావు గారు కారుకి ప్లగ్ పెట్టడం, పెట్టానా అని మళ్ళీ వెళ్ళడం, ఆంటీ చేప కడగడం, ఆంటీ డ్యూటీ నుంచి రావడం. అంతే. ఆంటీ నెలలో నాలుగైదు సార్లు డబుల్ డ్యూటీ చేసి, పదహారు గంటలు నిలబడి, మధ్యాహ్నం మూడున్నరకి వచ్చేది. వెనక తలుపు తీసుకుని, బూట్లు విప్పుకునే చోట ఉన్న చెక్క బల్ల మీద కూర్చునేది. చాంగ్ రెండు వారాలు కెమెరా లేకుండా బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుని అదే చూశాడు. మూడో వారం విభాగంలో ఉన్న పెద్ద కెమెరా తెచ్చి, ఏడాదంతటికీ తనకిచ్చిన ఫిల్మ్‌లో సగం దాంట్లో ఎక్కించాడు.

"ఏంట్రా, బూట్లు విప్పుకోడం కూడా సినిమానా?" అంది ఆంటీ.

"అవును ఆంటీ."

"అయితే ఉండు, చీర కట్టుకొస్తా. ఈ యూనిఫాంలో ఏం బావుంటాను?"

"వద్దు ఆంటీ. రోజూ చేసేదే చెయ్యండి."

"రోజూ ఏం చేస్తాను? కూర్చుంటాను."

"అదే," అన్నాడు చాంగ్.

శనివారం సాయంత్రం నాలుగింటికి ప్రదర్శన. మధ్యాహ్నం చాంగ్ రీలు తెచ్చి, పసిబిడ్డని అందించినట్టు నా చేతుల్లో పెట్టి వెళ్ళాడు. అది షూట్ చేసిన ఫిల్మే. దానికి ఇంకో కాపీ లేదు. సరిగా ఆడుతుందో లేదో చూద్దామని ఒక్కణ్ణీ వేసుకున్నాను. మొదట్లో ప్లగ్ దగ్గర నవ్వాను. చేప దగ్గర నోరూరింది. తర్వాత ఆంటీ వచ్చి బల్ల మీద కూర్చుంది. ఒక బూటు విప్పింది. రెండోది విప్పలేదు. ఒక నిమిషం అయింది. రెండు నిమిషాలయ్యాయి. ఆంటీ కూర్చునే ఉంది. మూడో నిమిషంలో నేనే కుర్చీలో కదిలాను. నాలుగో నిమిషంలో, నా మీద ఒట్టు, బీడీ వెలిగించబోయే జనం నాకు కనిపించారు. ఆ మేడమ్ ఆవులిస్తారు, సీటు పోతుంది, నా స్నేహితుడు ఐసు గడ్డల మధ్య ముసలివాడైపోతాడు అనుకున్నాను. లోపలున్న దేవదానం మామయ్య లేచి కూర్చున్నాడు. ఒక బూటు విప్పిన చోట కోశాను, రెండో బూటు విప్పబోయే చోట కోశాను, మధ్యది చుట్టచుట్టి ఖాళీ బిస్కట్ల డబ్బాలో పెట్టి, ఆ రెండు కొసలూ టేపుతో అతికించాను. ఇప్పుడు ఆంటీ చకచకా రెండు బూట్లూ విప్పేసి పొయ్యి మీద అన్నం పెట్టేస్తోంది. సినిమా చక్కగా పరిగెత్తింది. చేతులు దులుపుకున్నాను.

హాలు నిండింది. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. మా మామయ్య ఉంటే కన్నీళ్ళు పెట్టుకునేవాడు. చిల్లులోంచి చూస్తే చాంగ్ మూడో వరసలో ఉన్నాడు. బూట్ల చోటు రాగానే అతను తెర వైపు నుంచి నెమ్మదిగా తల తిప్పి, నా చిల్లు వైపు చూశాడు. ఆ చూపు నన్ను కాదు, నా వెనక ఇంకెవరినో వెతుకుతోందనుకున్నాను. మేడమ్ లేచి, చాంగ్ సినిమాని "ముచ్చటగా ఉంది" అన్నారు. గోధుమ గిడ్డంగుల మీద తీసిన ఇంకో కుర్రాడి పేరు రాసుకున్నారు. ముచ్చట అక్కడితో ముగిసింది.

నలుగురం కార్లో ఇంటికి బయల్దేరాం. సగం దారిలో ముందు సీట్లోంచి ఆంటీ అడిగింది, "నేను కూర్చున్నది ఏదిరా?"

"ఎక్కడ ఆంటీ?"

"బల్ల మీద. అంతసేపు కూర్చోబెట్టి తీశాడుగా. అదేది?"

ఇక దాచలేక చెప్పేశాను. మామయ్య సంగతి, బెంచీల సంగతి, బీడీల సంగతి కూడా చెప్పాను. సుందరరావు గారు ఉన్నట్టుండి ఎర్ర లైటు లేనిచోట కారు ఆపేశారు. చాంగ్ నా వైపు తిరిగి నవ్వి, "మై పెన్ రై" అన్నాడు. పర్వాలేదు అని అర్థం. నా ప్రాణం లేచొచ్చింది.

"పర్వాలేదన్నాడు ఆంటీ, నవ్వాడు కూడా."

"అది నవ్వు కాదురా తింగరోడా. నేను వార్డులో రోజూ చూస్తాను అలాంటి నవ్వులు." ఆంటీ సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగింది. "చేప కడిగేది ఈయన కోసం. అన్నం వండేది మీ కోసం. బెడ్లు మార్చేది హాస్పిటల్ కోసం. రోజు మొత్తంలో ఆ బల్ల మీద కూర్చోడం ఒక్కటే నాది. కొయ్యడానికి నీకు అదే దొరికిందా?"

ఆదివారం పొద్దున్న లేచేసరికి చాంగ్ చొక్కాలు మడతపెట్టి సూట్‌కేసులో సర్దుతున్నాడు. గోడ మీది ఉత్తరం అక్కడ లేదు. నేను క్షమాపణ చెప్పబోతే, "నీ తప్పు లేదు ప్రసాత్. జనానికి నచ్చింది. ఐసు కూడా జనానికి నచ్చుతుంది," అన్నాడు. అతను తిట్టి ఉంటే బావుండేది.

మెట్ల పైనుంచి ఆంటీ గొంతు వినిపించింది. "సూట్‌కేస్ ముయ్యద్దని చెప్పు వాడికి. ఆ ముక్క ఎక్కడ పెట్టావో తీసుకొచ్చి అతికించు. ఆ మిషను కూడా తీసుకురా."

"మిషను యూనివర్సిటీది ఆంటీ, అడగకుండా తెస్తే..."

"కొయ్యడానికి అడిగావా?"

నేను వెళ్ళి తెచ్చాను. ఏడు నిమిషాలనీ మళ్ళీ పాత చోట్లో అతికించాను. అతుకుల దగ్గర రెండు మూడు ఫ్రేములు నలిగి పోయాయి. అందుకే ఆ షాట్ మొదట్లో ఈనాటికీ చిన్న కుదుపు కనిపిస్తుంది. ఆ కుదుపు కాలానికీ అలసటకీ మధ్య దర్శకుడు గీసిన గీత అని ఒక ప్రొఫెసరు పెద్ద వ్యాసం రాశాడు. ఆయన్ని నిరాశపరచడం ఇష్టంలేక నేను ఉత్తరం రాయలేదు.

చర్చి అవగానే ఆంటీ చర్చి చీరలోనే హోటలుకి వెళ్ళి, విమానం సాయంత్రానికి గదా అని మేడమ్‌ని భోజనానికి లాక్కొచ్చింది. "ఇంత దూరం వచ్చినావిడని మన చేతి ముద్ద పెట్టకుండా పంపిస్తామా?" అని మాతో తెలుగులో అని, ఆవిడతో ఇంగ్లీషులో, "మీరు నిన్న సినిమా చూడలేదు, ట్రైలర్ చూశారు" అంది. సుందరరావు గారు ఆ రోజు ప్రార్థన రెండు వాక్యాల్లో ముగించారు. అది నాకు తెలిసి ఆయన చేసిన ఒకే ఒక్క కోత. ఆంటీ రూబార్బ్ పప్పూ, చేపల పులుసూ వడ్డించాక, కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడకి తెల్ల పక్కగుడ్డ కొట్టి, నేను మిషను తిప్పాను.

ఆంటీ వచ్చి కూర్చుంది. ఒక బూటు విప్పింది. చేతిలో బూటు అలాగే ఉంది. దానికి అంటుకున్న మంచు కరిగి, చుక్కలు చుక్కలుగా పడి, పట్టా మీద చిన్న మడుగు కట్టింది. ఆంటీ దేన్నీ చూడటం లేదు. ఒకసారి చెయ్యి పైకెత్తి, ఎందుకెత్తిందో మర్చిపోయి దించేసింది. ఒకసారి ఎవరో ఏదో అన్నట్టు తనలో తను నవ్వుకుంది. తలుపు అద్దంలోంచి వచ్చే మంచు వెలుగు ఆమె చెంప మీద నుంచి నెమ్మదిగా మెడ మీదికి దిగింది. మడుగు పట్టా అంచు దాకా పాకి ఆగింది. నిన్న ఒంటరిగా చూసినప్పుడు నాకు వీటిలో ఒక్కటీ కనిపించలేదు. నేను జనం కోసం చూశాను, ఆంటీని చూడలేదు. మేడమ్ చేతిలో ముద్ద నోటి దాకా వెళ్ళకుండా అలాగే ఉండిపోయింది. తెర మీద ఆంటీ గట్టిగా ఊపిరి తీసుకుని, రెండో బూటు విప్పి, లేచింది. రీలు అయిపోగానే మిషను ఆపాను.

"అప్పుడు మీరు ఏం ఆలోచిస్తున్నారు?" అని అడిగారు మేడమ్.

"ఏమీ లేదు," అంది ఆంటీ. "అన్నం వండాలని తెలుసు. ఇంకా మొదలుపెట్టలేదు. అంతే. ఇంకొంచెం పులుసు వెయ్యనా?"

మేడమ్ పులుసు వేయించుకున్నారు. వెళ్ళేటప్పుడు రీలు డబ్బా తన చేతిసంచిలో పెట్టుకుని, చాంగ్ వైపు తిరిగి, "దీన్ని మళ్ళీ ఎవరినీ ముట్టుకోనివ్వకు" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ నన్ను ఎందుకు చూశారో నాకు అర్థం కానట్టే నిలబడ్డాను. రెండు వారాలకి సీటు వచ్చింది. సుందరరావు గారి ప్రార్థన ఆ రోజు అన్ని రికార్డులూ బద్దలుకొట్టింది. చాంగ్ నాన్న నుంచి తంతి వచ్చింది: "వెళ్ళు. ఐసు ఎక్కడికీ పోదు." ఐసు ఫ్యాక్టరీ యజమాని అలా అనడం ఎంత పెద్ద త్యాగమో ఆలోచించండి.

తర్వాతి కథ లోకానికి తెలిసిందే. మాంట్రియల్‌లో చదువు, బ్యాంకాక్‌కి తిరిగి వెళ్ళడం, పదేళ్ళపాటు పళ్ళపొడికీ తలనొప్పి మందుకీ ప్రకటనలు తీయడం, ఆ తర్వాత సొంత నాన్ననే నటుడిగా పెట్టి ఐసు ఫ్యాక్టరీలో మొదటి పెద్ద సినిమా తీయడం. అది వాళ్ళ ఊళ్ళో మూడు రోజులు ఆడింది, మూడో రోజు హాల్లో వాళ్ళ నాన్న ఒక్కడే. అదే సినిమా సముద్రాలు దాటి వెళ్ళి బహుమతి తెచ్చుకుంటే, అదే హాలు ముందు జనం బారులు కట్టారు. తర్వాత అతను ఆగలేదు. ఇప్పుడు వాళ్ళ దేశంలో సినిమా నేర్చుకునే పిల్లలు అతని పేరు చెప్పి చేతులు జోడిస్తారు. గ్రేస్ ఆంటీ ఆరేళ్ళ కిందట పోయినప్పుడు, షూటింగ్ ఆపేసి రెజైనా వచ్చి, చర్చిలో తను మొదట కూర్చున్న ఆ వెనక బల్ల మీదే కూర్చున్నాడు.

నా కీర్తి కూడా అతనితో పాటే పెరిగింది. ప్రతి ఇంటర్వ్యూలోనూ నేనుంటాను. "నా స్నేహితుడు ఏడు నిమిషాలు కోశాడు, అందుకని అప్పటినుంచి అంతకంటే తక్కువ షాట్ తియ్యను" అంటాడు. అతని ప్రతి సినిమాలో ఒక తెలివితక్కువ మంగలో, దర్జీయో, తోటమాలియో ఉంటాడు. కొసలు కత్తిరించమంటే మొత్తం నరికేసి చేతులు దులుపుకుంటాడు. వాడి పేరు ప్రసాత్. ఇది చాలదన్నట్టు, వాళ్ళ దేశంలో షూటింగ్ మొదలయ్యే రోజున అక్కడి దేవతలకి పూలు, అగరొత్తులు, పళ్ళు, పంది తల పెట్టి మొక్కే ఆచారం ఉంది. చాంగ్ ఆ నైవేద్యాల బల్ల మీద ఒక పెట్టెలో కత్తెర పెట్టి తాళం వేస్తాడు. యూనిట్ మొత్తం వరసగా వచ్చి, ప్రసాత్ దెయ్యం తమ సినిమా జోలికి రాకూడదని దణ్ణం పెడతారు. ఏటేటా ఫోటో పంపిస్తాడు. బతికుండగానే దెయ్యమై, పరాయి దేశంలో పంది తలతో పూజలందుకుంటున్న ప్రొటెస్టెంటు తెలుగువాడు నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఒక్క మాట నా తరఫున కూడా చెప్పుకోనివ్వండి. ఆ రోజుల్లో కోతకి కత్తెర కావాలి, టేపు కావాలి, కాస్త ధైర్యం కావాలి. ఇప్పుడు కిచెనర్‌లో మా ఇంట్లో సోఫాలో కూర్చుని, పది సెకన్లు ముందుకి దూకే మీట నొక్కుతాను. ఎవడో ఏడాది కష్టపడి తీసిన సముద్రాన్ని రెండు నొక్కుల్లో దాటేస్తాను. బస్సులో పిల్లలు మాటలన్నీ చిలకల్లా కిచకిచమనేంత వేగంగా సినిమాలు చూస్తుంటారు. లోకమంతా దేవదానం మామయ్యలే అయిపోయారు; కాకపోతే మామయ్య జనం కోసం కోసేవాడు, మేం మా తొందర కోసం కోస్తున్నాం. డబుల్ డ్యూటీ చేసి వచ్చిన మనుషులు ఇప్పటికీ ఎక్కడో ఒక బల్ల మీద కూర్చునే ఉంటారు. వాళ్ళ చేతిలోనూ ఫోను ఉంటుంది. ఏమీ చెయ్యకుండా కూర్చోగలిగిన మనిషిని నేను చూసి చాలా కాలమైంది.

మాంట్రియల్ హాలు పెద్దది. మధ్యాహ్నం ఆట, టిక్కెట్లన్నీ అయిపోయాయి. చాంగ్ పొద్దున్నే విమానం దిగి, కాఫీ తాగి, తిన్నగా హాలుకి వచ్చాడు. జుట్టు మొత్తం తెల్లబడింది, మనిషి మాత్రం ఇంకా దంతమే. కొత్త సినిమా నాలుగు గంటలకి పది నిమిషాలు తక్కువ. "ఆ పది నిమిషాలూ నీ గౌరవార్థం తగ్గించాను" అన్నాడు కూర్చుంటూ. వేదిక మీద పరిచయం చేసినప్పుడు నన్ను కూడా లేపి నిలబెట్టి, "నా కత్తెర వీడే" అని చూపించాడు. ఎనిమిది వందల మంది విరగబడి నవ్వారు. నేను కూడా నవ్వాను. ఎలాంటి నవ్వో చూసి చెప్పడానికి ఆంటీ లేదు గాబట్టి సరిపోయింది.

సినిమా మొదలైంది. నేను ఒక్క రెప్పా వేయకుండా చూశాను, ఒక్కసారీ కదల్లేదు. ఆఖరి షాట్ నది. పొద్దుటి పొగమంచులో ఒక పడవ అటునుంచి ఇటు రావాలి; వస్తూ ఉంటుంది. చూస్తూ చూస్తూ ఆ పడవ ఒడ్డుకి తగిలేసరికి నా కళ్ళు తడిసిపోయాయి. ఏదో ఒకటి చెప్పాలని పక్కకి తిరిగాను. చాంగ్ నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, తల నా భుజం వైపు ఒరిగింది, చేతులు ఒళ్ళో తెరిచి పెట్టినట్టున్నాయి. తన సినిమాలో తనే నిద్రపోయాడు!

లైట్లు వెలిగాయి. ఎనిమిది వందల మంది ఒక్కసారిగా లేచి చప్పట్లు కొట్టబోతూ మా వరస వైపు తిరిగారు. నాకు మోచేత్తో ఒక్క పోటు పొడిచే అవకాశం ఉంది. నేను లేచి నిలబడి, అందరికీ కనిపించేలా పెదాల మీద వేలు పెట్టాను. మొదలైన చప్పట్లు తెగిపోయాయి. ముందు వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చప్పుడు కాకుండా కూర్చున్నారు. అతని సినిమాలు చూసి చూసి ఎంత ఓపిక నేర్చుకున్నారో అప్పుడు తెలిసింది. హాలు హాలంతా ఆ ముసలి మనిషిని చూస్తూ ఉండిపోయింది. ఊపిరికి అతని మెడలోని కండువా పైకి లేచి కిందికి దిగుతోంది. ఒకసారి పెదాలు కదిలాయి. ఒక చెయ్యి ఒళ్ళోంచి జారి, గాల్లో కాసేపు ఊగి, ఆగింది. ఎవరూ దగ్గలేదు, ఎవరూ కదల్లేదు. కొన్ని వరసల్లో కళ్ళు తుడుచుకుంటున్నారు.

తర్వాత ప్రశ్నలూ జవాబులూ ఉన్నాయి. నిర్వాహకురాలు మునివేళ్ళ మీద నడుచుకుంటూ నా దగ్గరికొచ్చి, గడియారం చూపించి, లేపమంటారా అని సైగ చేసింది.

నేను తల అడ్డంగా ఊపాను. "ఇంకొంచెం కానివ్వండి," అన్నాను.